నెల్లూరులో మూడు రోజులు: మందిరం ముందు, మందిరం వెనక

ఒంగోలులో పినాకిని రైలు ఎక్కేటప్పుడు సంచిలో ఒక స్టీల్ బాటిల్, ఒక స్టీల్ గ్లాసు పెట్టుకున్నాను. నెల్లూరు జిల్లాలోని ఒక విశ్వవిద్యాలయంలో చెరువుల మీద రెండు రోజుల సెమినార్. ఆహ్వాన పత్రంలోనే తమ సమావేశ మందిరం పర్యావరణహితంగా నడుస్తుందని రాశారు. నేను జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తుందంటే గ్రీన్ ఆడిట్ (పర్యావరణ తనిఖీ) కోసం కాలేజీల్లో ఎంత హడావుడి ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈసారి ఉపన్యాసాలతో పాటు మందిరాన్ని కూడా చూడాలనుకున్నాను.

మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఉన్నాను. గది శుభ్రంగానే ఉంది. కానీ ఒక్కరికి రెండు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, నాలుగు షాంపూ పాకెట్లు, ప్లాస్టిక్ కవరులో దువ్వెన పెట్టారు. నేనేమీ వాడలేదు. మర్నాడు విశ్వవిద్యాలయం గెస్ట్ హౌస్‌కి మారాను. అందులో గది దొరికితే లాడ్జికి వెళ్ళక్కర్లేదు. అక్కడ ఏసీ పాతది, దుప్పటి పలుచన. అయినా నాకు అదే నచ్చింది. డాబా మీద సోలార్ హీటర్ ఉంది. కుళాయి తిప్పితే ముందు పైపులో నిలిచిన చల్లనీళ్ళు వస్తాయి, ఆ తర్వాతే వేడినీళ్ళు. ఆలోపు దాదాపు ఒక బకెట్ నీళ్ళు పోతాయి. "మొదటి బకెట్ పారబోయవద్దు, బట్టలకు వాడండి" అని స్నానాల గది తలుపుకి చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. గదులు ఊడ్చే అమ్మాయి రాసిందట. ఆ రెండు రోజుల్లో నేను చదివిన పర్యావరణ నినాదాల్లో నిజంగా పనికొచ్చింది ఆ ఒక్క కాగితమే.

మందిరంలో మంచీ ఉంది, చెడ్డా ఉంది. వేదిక మీద గుడ్డ బ్యానర్ కట్టారు. అందులో సెమినార్ పేరుగానీ తేదీగానీ లేదు, విశ్వవిద్యాలయం పేరు మాత్రమే కుట్టించారు. ఏ కార్యక్రమానికైనా మళ్ళీ అదే కట్టుకోవచ్చు. ఎంత మంచి ఆలోచన! కానీ గేటు దగ్గర ముఖ్య అతిథుల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ ఉంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల్లో ప్లాస్టిక్ పళ్ళేలు, స్ట్రాలతో పాటు 100 మైక్రాన్లకంటే పలచని పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లు (ఫ్లెక్సీలు) కూడా ఉన్నాయి. ఇది అంతకంటే మందమైనదే కావచ్చు. మందమైనా రేపు పోయేది చెత్తకుప్పకే కదా.

అతిథులకు పూలగుత్తులు మానేసి కానుగ మొక్కలు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక చూస్తే వేదిక వెనక నల్ల కవర్లలో తొమ్మిది మొక్కలు అలాగే ఉన్నాయి. రైలుకో విమానానికో వెళ్ళే మనిషి చేతికి మొక్క ఇస్తే ఏం చేస్తారు? ఆవరణలోనే గుంట తీసి ఆ అతిథి చేతనే నాటిస్తే బాగుండేది.

హాలులో ఏసీ 20 మీద పెట్టారు, పట్టపగలు పరదాలు దించి లైట్లు వేశారు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ లెక్క. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త ఏసీలు 24 దగ్గర మొదలయ్యేలా తయారవుతున్నాయి కూడా. డిసెంబరు నెల్లూరులో శాలువా కప్పుకుని చెరువుల గురించి వినడం నాకు బాధనిపించింది. మధ్యాహ్నం నిర్వాహకులతో మాట్లాడితే ఏమీ అనుకోకుండా 26కి మార్చి, ఫ్యాన్లు వేశారు. ఆ తర్వాత ఉక్కగా ఉందని ఒక్కరూ అనలేదు. అడిగితే చేసేవాళ్ళే, ముందుగా ఎవరూ అడగలేదంతే.

టీ మాత్రం కాగితం కప్పుల్లో ఇచ్చారు. కాగితమే కదా అని చాలామంది అనుకుంటారు. వేడి టీకి కాగితం నానకుండా లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందుకే అది కాగితంతోనూ కలవదు, ఎరువులోనూ కలవదు. నా గ్లాసు చూసి టీ పోసే ఆమె, "మా దగ్గర స్టీల్ గ్లాసులు ఉండాయి మేడం, కడిగే మనుషుల్నే ఇయ్యలేదు" అంది. అసలు చిక్కు అక్కడుంది. గ్లాసులు కొనడానికి ఒకసారి డబ్బు దొరుకుతుంది, రోజూ కడిగే మనిషి జీతానికి దొరకదు.

భోజనం గురించి చెప్పాలి. మొదటి రోజు చేపల పులుసు అద్భుతంగా ఉంది, కానీ పేర్లు ఇచ్చినవాళ్ళలో సగం మంది కూడా భోజనానికి ఉండలేదు. అన్నం గుండిగలకు గుండిగలు మిగిలింది. రెండో రోజు వంటమాస్టర్ తనే పదింటికి హాలులోకి వచ్చి, భోజనానికి ఉండేవాళ్ళు చేతులెత్తమని లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజు దాదాపు ఏమీ మిగల్లేదు. వంద మందికి మించిన కార్యక్రమాల్లో చెత్తను అక్కడికక్కడే వేరుచేయించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఇక్కడ తడి చెత్త డబ్బా, పొడి చెత్త డబ్బా విడిగా పెట్టారు, వంటింటి వెనక వానపాముల ఎరువు తొట్లు కూడా ఉన్నాయి.

ఆ తొట్ల దగ్గరే తోటమాలి పెద్దాయన పరిచయమయ్యాడు. తాగునీళ్ళు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్ళు ఒక సింటెక్స్ ట్యాంకులోకి, అక్కడి నుంచి మరుగుదొడ్లకు పోతున్నాయి. ఆ ఏర్పాటు ఎవరిదని అడిగాను.

"మొదట ఈ నీళ్ళే గడ్డికి పెట్టమన్నారమ్మా. నెల తిరక్కముందే గడ్డి ఎర్రబారిపోయింది. నాలిక మీద వేసుకుంటే ఒకటే ఉప్పు. పులికాట్ పక్కన పుట్టినోడిని, ఉప్పునీళ్ళు నాకు తెలీవా? గడ్డికి వద్దు, దొడ్లకు మళ్ళించండి అని నేనే చెప్పినా."

ఆర్వోలో శుద్ధమైన నీళ్ళు ఇటు వస్తే, లవణాలన్నీ చిక్కబడి అటు పోతాయి. అవి మొక్కలకు పోస్తే నేల పాడవుతుంది. మా స్టాఫ్ రూం ఆర్వో వదిలేసే నీళ్ళు ఏళ్ళ తరబడి క్రోటన్ల కుండీల్లోకే పోతున్నాయి. నేను చదువు చెప్పేదాన్నై ఉండి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆయనది దొరవారిసత్రం పక్క పల్లె. "నేలపట్టు చూడకుండా పోవద్దమ్మా" అని అక్కడి పక్షుల చెరువు గురించి గట్టిగా చెప్పాడు. అందుకే మూడో రోజు ఒంగోలు రైలు మానుకుని దక్షిణంగా బస్సెక్కాను. నాయుడుపేట దాటాక దొరవారిసత్రంలో దిగి, అక్కడి నుంచి ఆటో. చెరువులో నీళ్ళలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టుకుని ఉన్నాయి, రెట్టలతో కొమ్మలు తెల్లబడిపోయాయి. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు మంచి ఎరువని చుట్టుపక్కల రైతులు నమ్ముతారు, అందుకే పక్షులను కాపాడుకుంటారు. పెద్దాయన వాళ్ళ నాన్న కూడా ఆ నీళ్ళతోనే వరి పండించాడట. వంటింటి వెనక తొట్లను ఆయన అంత శ్రద్ధగా ఎందుకు చూస్తాడో అక్కడ నిలబడితే అర్థమైంది. వెళ్ళేవాళ్ళు డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే వెళ్ళండి, బైనాక్యులర్లు, తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. గూళ్ళు చెదరకుండా మెల్లగా మాట్లాడండి.

సెమినార్ రెండో రోజు ముగింపు సభలో వంటమాస్టర్‌నీ తోటమాలినీ రెండు మాటలు మాట్లాడించమని నిర్వాహకులను అడిగాను. సమయం లేదన్నారు. మార్చిలో మా కాలేజీలో నీటి పొదుపు మీద సదస్సు ఉంది. నేలపట్టు నుంచి వచ్చాక పెద్దాయనకు ఫోన్ చేసి, మా పిల్లలకు ఆర్వో నీళ్ళ సంగతి చెప్పడానికి రమ్మన్నాను.

"నేనేం చెప్తానమ్మా" అన్నాడు ముందు. కాసేపాగి, "సెలవిస్తే వస్తా. మీ కుండీల్లో మట్టి ఒక గుప్పెడు ఎత్తి పెట్టండి, చూస్తా" అన్నాడు.