వెండి నగలకు పాలిష్ గుడ్డ: చాలాకాలం వాడాక నా మాట

వెండికి మెరుగు తేవడానికి లిక్విడ్ డిప్ (నగను ముంచి తీసే ద్రావణం) వాడాను, ఫాయిల్-వంటసోడా పద్ధతీ చూశాను. ఇప్పుడు నా నగల పెట్టెలో ఉండేది మాత్రం పాలిష్ గుడ్డ. మెరుపే కావాలంటే డిప్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ గుడ్డతో తుడిస్తే ఎక్కడ నలుపు పోవాలో, ఎక్కడ ఉండాలో మన చేతిలో ఉంటుంది. దాన్ని నేను ఇంతగా ఇష్టపడటానికి కారణం అదే.

మొదట్లో డిప్‌ను ఎవరు అడిగినా మెచ్చుకునేదాన్ని. నల్లబడిన సాదా ఉంగరాన్ని కొన్ని సెకన్లు ముంచి, మంచినీళ్లలో కడిగితే తెల్లగా వచ్చేసేది. ఆ తర్వాత లాకెట్టు వంతు వచ్చింది. స్టెర్లింగ్ వెండే (92.5 శాతం వెండి), వెనకాల 925 ముద్ర ఉంది. ముందువైపు లతలు చెక్కి, ఆ గీతల్లో నలుపు నింపిన ఆక్సిడైజ్డ్ పని. సీసా మీద వెండి నగలన్నిటికీ వాడొచ్చని రాసి ఉంది. ఎన్ని సెకన్లు ముంచాలో కూడా రాశారు, అంతకంటే ఒక్క క్షణం ఎక్కువ ఉంచలేదు. బయటికి తీసేసరికి లాకెట్టు మొత్తం ఒకే తెలుపు. లతలు చేతికి తగులుతున్నాయి గానీ కంటికి ఆనడం లేదు. ఆ పనితనం కనిపించేదే నలుపు వల్ల.

గాలిలోని గంధకపు వాయువుల వల్ల వెండికి పట్టే నలుపు సిల్వర్ సల్ఫైడ్. పనివాళ్లు గంధకపు ద్రావణంతో కావాలని తెప్పించే నలుపు కూడా సిల్వర్ సల్ఫైడే. డిప్‌లో సాధారణంగా ఉండే థయోయూరియా, ఆమ్లం కలిసి దాన్ని కరిగించేస్తాయి. మురికి ఏదో, అలంకారం ఏదో ఆ ద్రావణానికి తేడా ఉండదు. ఈ సంగతి తయారుచేసేవాళ్లకు తెలియనిది కాదు. సీసా మీద ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. నా కోపమంతా ఆ వాక్యం లేనందుకే.

కంసాలి మళ్లీ నలుపు పట్టించి, పైభాగాలకు మెరుగు పెట్టి ఇచ్చారు. పని బాగా చేశారు. అయితే అంతకుముందు ఏళ్ల తరబడి మెడలో ఉండి, అంచుల దగ్గర పలచబడుతూ గీతల లోతుల్లో చిక్కగా మిగిలిన నలుపు వేరు. అది తిరిగి రాలేదు. ఆ లాకెట్టు తీసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గుడ్డ రెండు పొరలది. లోపలి పొరలో మెరుగు మందు ఉంటుంది, బయటి పొరతో చివర్లో తుడవాలి. చెక్కుడు మీద తేలిగ్గా రుద్దితే ఎత్తుగా ఉన్న చోట్లే మెరుస్తాయి, గీతల్లోని నలుపు అలాగే ఉండి డిజైన్ ఇంకా తేటగా కనిపిస్తుంది. ముత్యం, పగడం లాంటివి పొదిగిన నగలకు ఆమ్లమున్న డిప్ అసలు పనికిరాదు. గుడ్డతో అయితే వాటిని తప్పించి చుట్టూ ఉన్న వెండినే తుడవొచ్చు. గుడ్డ నల్లబడినా పనిచేస్తూనే ఉంటుంది. ఉతికితే మాత్రం మందు పోతుంది.

అన్నిటికీ గుడ్డే చాలని కూడా అనలేను. సన్న గొలుసు లింకుల లోపలికి అది వెళ్లదు. గొలుసును పట్టుకుని లాగుతూ తుడిస్తే లింకులు సాగే ప్రమాదం ఉంది కాబట్టి బల్ల మీద పరిచి ఓపిగ్గా రుద్దాలి. పైగా రుద్దిన ప్రతిసారీ కాస్త వెండి అరుగుతుంది, కాబట్టి వెండి పూత నగల మీద నేను దీన్ని వాడను.

అందుకే అసలు రుద్దాల్సిన అవసరమే తగ్గించడం మేలు. నన్ను సంతోషంగా ఆశ్చర్యపరిచింది యాంటీ టార్నిష్ కాగితం. గంధకపు వాయువులను పీల్చుకునే ఆ చిన్న ముక్కను జిప్ కవర్లో నగతో పాటు వేసి గాలి తీసేస్తే, నెలల తర్వాత తీసినా పెద్దగా రంగు మారడం లేదు. కవర్‌కు రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. రబ్బరులో గంధకం ఉంటుంది.

నావి ఎక్కువగా చెక్కుడు నగలు. రోజూ పెట్టుకునే ఉంగరం, దుద్దులు ఒంటి రాపిడికే మెరుస్తుంటాయి, కాబట్టి గుడ్డతో నాకు గడిచిపోతోంది. రాళ్లు లేని సాదా గొలుసులే ఎక్కువున్నవాళ్లకు, రుద్దితే మణికట్టు నొప్పి పెట్టేవాళ్లకు ఇది విసుగు పుట్టించొచ్చు. నా సన్న గొలుసుకు నేనూ ఫాయిల్ పద్ధతే వాడుతున్నాను: గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి, గొలుసు ఫాయిల్‌కు తగిలేలా ఉంచుతాను. ఆ నలుపు తిరిగి వెండిగా మారుతుంది. ఆక్సిడైజ్డ్ పని ఉన్నవాటిని మాత్రం ఆ నీళ్ల దరిదాపులకు కూడా రానివ్వను.