పాత ఫైబర్ బోటు అడుగుకు ఏది మేలు: పాలిస్టరా, ఎపాక్సీనా, అసలు ఆకారమే మార్చడమా?

నా ముందు ఇప్పుడు 22 అడుగుల పాత ఫైబర్ చేపల బోటు బోర్లా తిప్పి ఉంది. చూడటానికి వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే: "పాలిస్టర్ వేస్తున్నావా, ఎపాక్సీనా?" రెండూ గాజు పోగుల్లో ఇంకి గట్టిపడే ద్రవాలు, వాటినే రెజిన్ అంటారు. మంచి ప్రశ్నే, కానీ అది రెండోది. ఈ అడుగును ఉన్న ఆకారంలోనే బాగుచేయాలా, ఆకారాన్నే సరిదిద్దాలా అన్నది ముందు తేలాలి. వంకర ఉన్న అడుగును ఎంత మంచి రెజిన్‌తో బాగుచేసినా ఆ వంకర అలాగే ఉంటుంది, పైగా ఇంకా గట్టిపడుతుంది.

వంకర పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రెండు మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీ చాలు. ఇంజన్ బిగించే వెనక పలక దగ్గర మొదలుపెట్టి, కీల్‌కు (అడుగు మధ్యలో పొడవునా ఉండే వెన్నుకు) సమాంతరంగా ముందుకు ఆనించి చూడాలి. పట్టీ రెండు చివర్లా ఆని మధ్యలో సందు కనిపిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. అలాంటి బోటు వేగం అందుకోగానే నీరు వెనక భాగాన్ని పైకి నెడుతుంది, ముందు కొన కిందికి దిగి అలల్లో దున్నుకుంటూ పోతుంది. పట్టీ మధ్యలో ఆని చివర్లు ఊగితే అక్కడ ఉబ్బు ఉన్నట్టు. అప్పుడు ముందు కొన లేస్తూ పడుతూ, గుర్రం తుళ్లినట్టు పోతుంది. ఈ రెండూ నీటి మీదికి లేచి జారుతూ పోయే బోట్ల సంగతి. నీటిని చీల్చుకుంటూ నిదానంగా పోయే బోటుకు అడుగు వెనక్కి వచ్చేకొద్దీ పైకి లేచి ఉండటమే సరైన తీరు. దాన్ని తప్పనుకుని నింపేస్తే ఉన్న బోటు పాడవుతుంది.

నా బోటులో పల్లం లోతు 9 మిల్లీమీటర్లు వచ్చింది. ఏళ్ల తరబడి సరిగా ఆనని దుంగల మీద, ఇంజన్ బరువుతో సహా నిలబెట్టి ఉంచిన ఫలితం అది.

ఇక రెజిన్ సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

"బోటును కట్టిందే పాలిస్టర్‌తో కదా, బాగుచేయడానికీ అదే వాడాలి" అనే మాట తరచూ వింటుంటాం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కొత్త బోటు కట్టేటప్పుడు ఒక పొర పూర్తిగా గట్టిపడకముందే మీద ఇంకో పొర పడుతుంది. రెండూ రసాయనికంగా కలిసిపోయి ఒకే ముక్క అవుతాయి. ఇరవై ఏళ్ల కిందట గట్టిపడిన అడుగు మీద ఆ కలయిక ఉండదు. ఇప్పుడు వేసే రెజిన్ కేవలం జిగురులా పట్టుకోవాలి. జిగురుగా చూస్తే పాలిస్టర్ బలహీనమైనది, ఎపాక్సీ చాలా గట్టిది. పైగా పాలిస్టర్ గట్టిపడేటప్పుడు దాదాపు 5 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. అతుకు అంచులు లోపలికి లాగుతాయి, ఊడటం మొదలయ్యేదీ ఆ అంచుల దగ్గరే. ఎపాక్సీలో ఆ కుంచింపు చాలా తక్కువ. కాబట్టి కొత్తది పాతదాన్ని పట్టుకోవాల్సిన ప్రతి చోటా, ముఖ్యంగా నీటి గీత కింద, నా ఓటు ఎపాక్సీకే.

అయితే ఏ రెజిన్ వాడినా అంచు ఏటవాలుగా చెక్కకపోతే వృథానే. చిల్లు పడిన చోట ఒకటికి పన్నెండు లెక్కన వాలు ఇవ్వాలి. గోడ మందం 6 మిల్లీమీటర్లైతే చిల్లు చుట్టూ 72 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కాలన్న మాట. ఇంత మంచి బోటును ఇంత గీకాలా అని చెయ్యి ఆగుతుంది, నాకూ ఆగేది. కానీ అతుకు బలమంతా ఆ వాలులోనే ఉంది. గ్రైండర్ పట్టే ముందే ఉపరితలాన్ని ద్రావకంతో తుడవాలి. లేకపోతే పాత మైనం గీతల్లోకి దిగిపోయి కొత్త రెజిన్‌ను పట్టనివ్వదు.

పాలిస్టర్‌ను తీసిపారేయమని నేను అనను. కొత్త హ్యాచ్ మూత, కొత్త పెట్టె, అచ్చులో మొదటి నుంచి చేసే ఏ భాగమైనా పాలిస్టర్‌తోనే మేలు. అది చవక, త్వరగా గట్టిపడుతుంది, జెల్‌కోట్ అనే నున్నటి పైపొర దానికి చక్కగా పడుతుంది. వాతావరణాన్ని బట్టి, గట్టిపడటాన్ని మొదలుపెట్టే కెటలిస్ట్‌ను సాధారణంగా 1 నుంచి 2 శాతం మధ్య తగ్గించి, పెంచి వేగాన్ని అదుపు చేసుకోవచ్చు. ఎపాక్సీ ఆ వెసులుబాటు ఇవ్వదు. రెజిన్‌కూ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌కూ తయారీదారు చెప్పిన పాళ్లు 2:1 అయినా, 5:1 అయినా కచ్చితంగా అంతే కలపాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే మెత్తగా, బలహీనంగా మిగిలిపోతుంది. వేగం కావాలంటే వేగంగా పనిచేసే హార్డెనర్ కొనుక్కోవాలి.

పాలిస్టర్‌తో పనిచేసేవాళ్లు ఒక్కటి మరచిపోకూడదు. కెటలిస్ట్‌నూ, గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలిపితే పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది పోయాలి. కెటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు లేకుండా డబ్బా మూత తీయొద్దు. ఎపాక్సీ వాసన తక్కువ కాబట్టి ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. ఒట్టి చేతులతో పదేపదే ముట్టుకుంటే ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి వచ్చిందంటే ఇక పోదు.

రెండింటి నడుమ వినైల్ ఎస్టర్ అనే రెజిన్ ఉంది. నీటిని బాగా తట్టుకుంటుంది, పట్టు పాలిస్టర్ కంటే మేలు. నిల్వ ఎక్కువ కాలం ఉండదు. అడుగంతా కొత్త పొరలు వేయాల్సినంత పెద్ద పని అయితే ఆలోచించవచ్చు. ఒకటి రెండు అతుకుల కోసం అక్కర్లేదు.

రెజిన్‌తో తడిపే గాజు పోగుల మ్యాట్ విషయంలోనూ తేడా ఉంది. ముక్కల మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే బంధకం పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు కాబట్టి ఆ మ్యాట్ బిరుసుగా ఉండిపోయి వంపుల్లో ఒదగదు. ఎపాక్సీకి, రెండు దిక్కుల పోగులను కుట్టుతో పట్టి ఉంచిన బయాక్సియల్ గాజు గుడ్డ వాడాలి. ఫోమ్ సంగతి ఇంకా ముఖ్యం. ఆకారం కోసం పాలిస్టైరీన్ ఫోమ్ అంటించి మీద పాలిస్టర్ పోస్తే ఫోమ్ కళ్లముందే కరిగిపోతుంది. ఎపాక్సీ దాన్ని ఏమీ చేయదు. పాలిస్టరే వాడతానంటే పీవీసీ ఫోమ్ లాంటిది తీసుకోవాలి.

ఇప్పుడు ఆకారం. చెక్కి సరిచేయడం మేలా, నింపి సరిచేయడం మేలా? దాదాపు ఎప్పుడూ నింపడమే. ఉబ్బును గ్రైండర్‌తో కోసేస్తే బలాన్నిచ్చే పొరలు పోతాయి. ఉబ్బును అలాగే వదిలి దాని ముందూ వెనకా నింపి తిన్నగా తేవాలి. పల్లం రెండు మూడు మిల్లీమీటర్లే అయితే చిక్కగా కలిపిన ఎపాక్సీ చాలు. నా బోటులో ఉన్నట్టు 9 మిల్లీమీటర్లైతే ముందు గుడ్డ పొరలు వేసి లోతు తగ్గించి, చివరి మిల్లీమీటర్లు మాత్రమే పుట్టీతో సరిచేయాలి. కార్లకు వాడే టాల్క్ పుట్టీ మాత్రం నీటి కింద వద్దు, అది నీరు పీలుస్తుంది. ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (సన్నటి బోలు గుళికల పొడి) కలిపి వాడి, నున్నగా రుద్దాక మీద రెండు మూడు పూతలు ఉత్త ఎపాక్సీ వేయాలి. పూతకూ పూతకూ మధ్య మైనంలాంటి జిడ్డు తేలుతుంది. రుద్దకముందే దాన్ని నీళ్లతో కడగాలి, లేదంటే గరుకు కాగితం ఆ జిడ్డునే అంతటా పులుముతుంది.

నింపే ముందు అడుగు మీద మోకాలు పెట్టి నొక్కి చూడండి. లోపలికి దిగుతుంటే బయట ఎంత నింపినా ప్రయోజనం లేదు. బోటు అలల మీద పోతుంటే అడుగు మళ్లీ వంగుతుంది, పుట్టీ పగులుతుంది. ముందు లోపలి నుంచి పొడుగు దూలాలు వేసి గట్టిపరచాలి.

తక్కువ పనితో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇంకొకటి ఉంది. పాత బోట్లలో అడుగు, వెనక పలక కలిసే అంచు అరిగి గుండ్రంగా అయిపోయి ఉంటుంది. నీరు ఆ గుండ్రం చుట్టూ పాకి పలకను పట్టుకుని వెనక్కి లాగుతుంది. అంచు పదునుగా ఉంటే నీరు తెగిపోతుంది. చిక్కేమిటంటే గుడ్డ పదునైన మూలలో ఒదగదు, గాలి మిగిలిపోతుంది. అందుకే గుడ్డను గుండ్రటి మూల మీదే వేసి, ఆ తర్వాత చిక్కటి ఎపాక్సీతో పదునైన అంచు కట్టుకోవాలి.

బోటును పొడిగించడం మేలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వేగం కోసమే అయితే లెక్క చూసుకోండి. నిదానపు బోటు వేగానికి హద్దు, నీటి గీత పొడవు అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చించినంత. 25 అడుగులకు 6.7 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు). 30 అడుగులకు పెంచితే సుమారు 7.3. ఐదడుగుల కష్టానికి దక్కేది అర నాటు పైచిలుకు. వలలకు చోటు కావాలంటే అది వేరే మాట.

జారుతూ పోయే బోటుకు మాత్రం పొడిగింపు నిజంగా పనికొస్తుంది. చాలా పాత బోట్లు తేలికైన టూ స్ట్రోక్ ఇంజన్ల కాలంలో కట్టినవి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ బిగించగానే వెనక భాగం నీటిలోకి కూర్చుంటుంది. కొందరు వెనక ఇనుప బ్రాకెట్ పెట్టి దాని మీద ఇంజన్ బిగిస్తారు. అలా చేస్తే బరువు ఇంకా వెనక్కి పోతుంది, దాన్ని మోసే తేలుడు మాత్రం పెరగదు. అడుగునే అదే గీతలో వెనక్కి పొడిగిస్తే తేలుడూ పెరుగుతుంది, తుళ్లడమూ తగ్గుతుంది. పని ఎక్కువే, రిజిస్ట్రేషన్ కాగితాల్లో పొడవు మార్పించుకోవాల్సి రావచ్చు కూడా. అయినా వెనక పలకలోని ప్లైవుడ్ కుళ్లి ఎలాగూ తెరవాల్సి వస్తే, రెండు పనులూ ఒకేసారి చేయడం మేలు.

పైపూతకు జెల్‌కోటా, పెయింటా అంటే, కింద ఎపాక్సీ ఉన్న చోట పెయింటే. సరిగా గట్టిపడని ఎపాక్సీ మీద జెల్‌కోట్ జిగటగా ఉండిపోయే ప్రమాదం ఉంది. రెండు భాగాల పాలీయురేథేన్ పెయింట్ బాగా నిలుస్తుంది. దాన్ని స్ప్రే చేస్తే ఐసోసయనేట్ అనే హానికర రసాయనం పొగమంచులా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, మామూలు మాస్కు ఆపలేదు. ఇంట్లో చేసుకునేవాళ్లు రోలర్, బ్రష్‌తో వేసుకోవాలి.

నా బోటుకు ఇదీ నిర్ణయం: పల్లం నింపడం, అంచు పదును, వెనక పలక కొత్తది, అన్నీ ఎపాక్సీతో. పొడిగింపు వద్దు, ఇంజన్ పాతదే. సుత్తితో కొట్టి చూస్తే వెనక పలక కింది సగం టంగుమనకుండా మొద్దుగా పలికింది, అంటే లోపలి ప్లైవుడ్ కుళ్లినట్టే. ప్రస్తుతం గీకిన చోట ప్లాస్టిక్ కాగితం అంచులు టేపుతో మూసి ఎండలో వదిలాను. కాగితం లోపల తేమ చుక్కలు కడుతూనే ఉన్నాయి. అవి ఆగేదాకా రెజిన్ డబ్బా తెరవను.