పేకముక్కల రైడు: కాణిపాకంలో చెయ్యిచ్చారు, దామలచెరువులో కడుపు నింపారు

పోకర్ రన్ అనే బైకు రైడులో ఐదు చోట్ల ఆగితే ఐదు పేకముక్కలు ఇస్తామని డబ్బు కట్టించుకుని నాలుగే చేతిలో పెట్టినవాళ్ళ గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మనిషికి 600. అదనపు చెయ్యి, అంటే ఇంకో ఐదు ముక్కలు, కావాలంటే ఇంకో 300. మా బావమరిది ఆశపడి అదీ కొన్నాడు, వాడికి మొత్తం 900 వదిలింది.

పోకర్ రన్ అమెరికాలో బైకులవాళ్ళు ఎక్కువగా విరాళాల కోసం పెట్టుకునే ఆట. రేసు కాదు, ముందు చేరినవాడికి ఒరిగేదేమీ లేదు. దారిలో ఐదు మజిలీలు ఉంటాయి. ఒక్కోచోట కట్టలోంచి చూడకుండా ఒక ముక్క తీస్తాం, అక్కడి మనిషి దాన్ని మన కాగితం మీద రాసి సంతకం పెడతాడు. చివర్లో ఎవరి ఐదు ముక్కలు పోకర్ లెక్కలో పెద్దవైతే వాళ్ళది గెలుపు. పాత స్ప్లెండరు మీద వచ్చినవాడు కూడా లక్షల బండివాణ్ణి కొట్టెయ్యొచ్చు, అందుకే నాకీ ఆట నచ్చింది. ఒకే కట్టలో ఐదు ముక్కలు 25,98,960 రకాలుగా పడతాయి, అందులో అన్నిటికన్నా పెద్దవైన రాయల్ ఫ్లష్‌లు, అంటే ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా పడేవి, నాలుగే. సగం మందికి జత కూడా పడదు. అయితే మజిలీకో కట్ట పెడితే ఇస్పేటు ఆసు ఒకడికే రెండుసార్లు రావచ్చు. అది చెల్లుతుందా లేదా అన్నది బండి తియ్యకముందే చెప్పాలి. మావాళ్ళకి ఆ ఆలోచనే లేదు, టిఫిన్ దగ్గరే గొడవ మొదలైంది.

మొదటి బహుమతి హెల్మెట్. నగదు పెట్టకపోవడం మంచిదే. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఇది వట్టి అదృష్టం. డబ్బు పెట్టి జూదమాడితే పట్టుకోవడానికి మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉండనే ఉంది.

తిరుపతిలో వాళ్ళే కుదిర్చిన లాడ్జి సంగతి చెప్పాలి. రోజుకి 1,400, ఇరవై నాలుగు గంటల చెక్అవుట్ అన్నారు. రాత్రి తొమ్మిదికి దిగితే, పొద్దున ఎనిమిదికే తలుపు కొట్టి "ఉంటారా సామీ, ఇంకో రోజు కట్టండి" అన్నాడు. వేడినీళ్ళు ఆరున్నర దాకానే. బైకు పెట్టుకోవడానికి బండికి వంద వేరే. దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె మరక. బావమరిది తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు, తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు.

చంద్రగిరి కోట దగ్గర మొదటి ముక్క, పాకాలలో రెండోది. రోడ్డు బాగుంది, ఎండ కూడా లేదు.

మూడోది కాణిపాకంలో. కాగితం మీద "ఒంటిగంట వరకు" అని అచ్చేసి ఉంది. మేం పన్నెండు నలభైకి చేరేసరికి కుర్రాడు బల్ల మడిచి బండి వెనక కడుతున్నాడు. "అయిపోయింది సామీ, అన్న వచ్చెయ్యమన్నాడు" అన్నాడు. ముక్కలు జేబులోనే ఉన్నాయి, కట్ట అంచు కనబడుతోంది కూడా! ఒక్కటి తియ్యనివ్వమంటే ససేమిరా అన్నాడు. ఫోన్ చేస్తే రైడు పెట్టిన పెద్దమనిషి, "ఒంటిగంట దాకా ఉన్నాడే, మీరే లేటు" అంటాడు. బావమరిది నా చేతిలో ఫోన్ లాక్కుని, "అన్నా, గుడి పక్కనే ఉంది. వచ్చి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసి ఆ మాట చెప్పు" అన్నాడు. కాణిపాకంలో ప్రమాణమంటే జిల్లాలో ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అటువైపు ఫోన్ కట్.

మజిలీ ముందే మూసేస్తారన్న మాట వెనకవాళ్ళకి పాకింది. అంతే, చిత్తూరు దాకా అందరూ తొంభైలో తోలారు. తొందర లేని ఆటని చేజేతులా రేసు చేశారు. చిత్తూరులో, తిరుపతిలో మిగతా ముక్కలు తీసుకున్నాం. నాలుగు ముక్కల కాగితాన్ని లెక్కలోకే తీసుకోం అన్నారు.

మర్నాడు వేరేవాళ్ళు దామలచెరువు దగ్గర మామిడి తోటల్లో మట్టిదారి రన్ పెట్టారు. భోజనంతో కలిపి 450. శేషాచలం అడవిలో ఇష్టమొచ్చినట్టు బండి దించడానికి లేదు, ఎర్రచందనం కాపలా సంగతి తెలిసిందేగా. అందుకే సొంత తోటలు, ఎండిన చెరువు. మలుపుల దగ్గర ముగ్గుపిండితో బాణాలు గీశారు, పోకూడని దారికి అడ్డంగా ఎర్ర గుడ్డ కట్టారు. దుమ్ముకి పేకముక్కలు నిలవవని చెక్క బిళ్ళల మీద ముక్కల పేర్లు రాసి గోనెసంచిలో వేశారు. చెయ్యి పెట్టి ఒకటి తీస్తే, మన మెడలో వేలాడే అట్ట మీద ముద్ర గుద్ది, బిళ్ళ మళ్ళీ సంచిలో పడేస్తారు. ఒకే ముక్క రెండుసార్లు వచ్చినా చెల్లుతుందని పొద్దున్నే చెప్పేశారు. ఆఖరి బండి వెనక గాలిపంపు, పంక్చరు సామాను పట్టుకుని ఒకతను వచ్చాడు. ఆఖరివాడు చేరేదాకా ఏ మజిలీ ఎత్తలేదు.

ఇక భోజనం! పొగలు కక్కే రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరిబిండి. తోట యజమాని తల్లి చెయ్యి తడుపుకుని ముద్ద చేసి ఆకులో వేస్తూ "ఇంగో ముద్ద తిను నాయనా, బండి తోలినోడివి" అంది. బావమరిది మూడు ముద్దలు లాగించాక గానీ వాడి మొహంలో లాడ్జి పోలేదు. వాడికి పదుల జత పడింది, నాకు జత కూడా లేదు. బహుమతి ఎవరికో పోయింది, మాకు పట్టలేదు.

ఎక్కడైనా ఇలాంటిదానికి డబ్బు కడుతుంటే మూడు అడగండి: మజిలీ ఎప్పుడు ఎత్తుతారు, ఒకే ముక్క రెండుసార్లు వస్తే ఏం చేస్తారు, మజిలీ మూసేస్తే డబ్బు వెనక్కిస్తారా. లాడ్జి మాత్రం మీరే చూసుకోండి. మా బావమరిది ఆ రెండో చెయ్యి 300 కోసం ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, అవతల రింగవుతోంది గానీ ఎత్తడం లేదు.