మొండి క్లెబ్సియెల్లా జీనోమ్‌ను దేంట్లో వేయాలి? మూడు సాఫ్ట్‌వేర్లలో ఏది మేలు?

ఐసీయూ శాంపిల్‌లో పెరిగిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అది. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ డిస్క్‌ను ఆనుకుని మరీ పెరిగింది. చివరి ఆశగా వాడే కొలిస్టిన్ ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) 16 వచ్చింది, అంటే దానికీ లొంగదు. పక్క బెడ్ పేషెంట్‌కూ ఇలాంటిదే రావడంతో అందరికీ టెన్షన్ పట్టుకుంది. రెండూ ఒకటేనా, వేర్వేరా? జీనోమ్ సీక్వెన్స్ చేయించాం. ఫైల్ చేతికొచ్చాక, మందులకు లొంగకుండా చేసే జన్యువులను వెతికిపెట్టే రెస్‌ఫైండర్, కార్డ్, ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్ మూడింట్లోనూ వేసి చూశాం. పరిశోధనకు మూడూ ఉచితమే.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు రెస్‌ఫైండర్ తేలిక. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు 2012లో తెచ్చారు. లైనక్స్ రాకపోయినా పర్వాలేదు, బ్రౌజర్‌లో ఫైల్ అప్‌లోడ్ చేసి బ్యాక్టీరియా పేరు ఎంచుకుంటే చాలు. ఏ మందుకు లొంగదో మందుల పేర్లతోనే పట్టిక ఇస్తుంది కాబట్టి డాక్టర్‌కు చూపించడానికీ బాగుంటుంది. కానీ ఇది జన్యువులను పోల్చేది డీఎన్‌ఏ అక్షరాలతో. జన్యువు మధ్యలో ఒక్క అక్షరం మారి స్టాప్ కోడాన్ (ఇక్కడితో ఆపు అనే గుర్తు) పడిందనుకోండి, ప్రోటీన్ సగంలోనే ఆగిపోతుంది, ఆ జన్యువు ఉన్నా లేనట్టే. అయినా అక్షరాలు 99 శాతం పైగా కలిశాయి కాబట్టి పట్టికలో 'ఉంది' అనే వస్తుంది.

కార్డ్ కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీది. దాంతో వచ్చే ఆర్‌జీఐ అనే ప్రోగ్రామ్ ప్రతి జన్యువునూ, ఎంత బాగా కలిసిందనేదాన్ని బట్టి పర్ఫెక్ట్, స్ట్రిక్ట్, లూజ్ అని మూడు తరగతులుగా విడదీస్తుంది. ఏ జన్యువు ఏ పద్ధతిలో మందును అడ్డుకుంటుందో ఇంత విడమరిచి చెప్పేది నాకు ఇంకొకటి కనిపించలేదు. థీసిస్ రాసేవాళ్లు దీన్ని వదులుకోకూడదు. ఆసుపత్రి పనికి మాత్రం నేను వాడను. మందులన్నిటికీ లొంగే మామూలు ఈ-కోలైని వేసినా డజన్ల కొద్దీ వరుసలు వస్తాయి. వాటిలో చాలావరకు మందును బయటికి తోసే పంపుల జన్యువులు, అవి ప్రతి ఈ-కోలైలోనూ ఉండేవే. ఆ జాబితా చూసి హడలిపోయిన విద్యార్థులను కూర్చోబెట్టి సర్దిచెప్పాల్సి వచ్చింది.

నా ఓటు ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్‌కే. ఇది అమెరికాలోని ఎన్‌సీబీఐ అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసింది. ప్రోటీన్ స్థాయిలో పోలుస్తుంది, పేరు పెట్టడంలో తొందరపడదు. మెరోపెనెమ్ లాంటి మందులను పాడుచేసే ఎన్‌డీఎం ఎంజైమ్ సంగతే చూడండి. 2008లో స్వీడన్‌లో ఒక పేషెంట్‌లో బయటపడింది, అంతకుముందు ఢిల్లీలో వైద్యం చేయించుకున్నారని దానికి ఆ ఊరి పేరు పెట్టారు. ఎన్‌డీఎం-1కూ ఎన్‌డీఎం-5కూ తేడా రెండే అమైనో ఆమ్లాలు. ప్రోటీన్ నూటికి నూరు శాతం కలిస్తేనే ఇది నంబర్ ఇస్తుంది, లేకపోతే కుటుంబం పేరు రాసి ఊరుకుంటుంది. మధ్యలో స్టాప్ కోడాన్ పడితే ఆ మాట విడిగా రాస్తుంది. జన్యువు కాంటిగ్ (అతికించిన సీక్వెన్స్ ముక్క) చివర్లో తెగిపోతే అదీ చెబుతుంది. ఇబ్బందల్లా కమాండ్ లైన్, ఆదేశాలు టైప్ చేసి నడపాలి. ఇంకొకటి, బ్యాక్టీరియా పేరు ఇచ్చే ఆప్షన్ మరిచిపోతే జైర్-ఏ లాంటి బ్యాక్టీరియా సొంత జన్యువుల్లోని పాయింట్ మ్యుటేషన్లు (ఒక్క అక్షరం మార్పులు) ఒక్కటీ రావు. సిప్రోఫ్లాక్సాసిన్ ఎందుకు పనిచేయడం లేదో తెలియక తల పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను.

ఇంతకీ మా కొలిస్టిన్ సంగతి. 2015లో చైనాలో, కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువు బయటపడినప్పటి నుంచి కొలిస్టిన్ అనగానే అందరూ ఎంసీఆర్ కోసమే వెతుకుతారు. 2019లో మన కేంద్ర ప్రభుత్వం కోళ్లకూ పశువులకూ కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది కూడా. మా ఫైల్‌లో ఎంసీఆర్ లేదు. అప్పుడు క్లెబ్సియెల్లా కోసమే తయారైన క్లెబొరేట్‌లో వేశాం. ఎంజీఆర్-బీ తెగిపోయిందని చూపించింది. అది 47 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, అది పాడైతే బ్యాక్టీరియా కొలిస్టిన్‌కు లొంగదు. దాని జన్యువు మధ్యలో ఒక ఇన్సర్షన్ సీక్వెన్స్ (చోటు మారే డీఎన్‌ఏ ముక్క) వచ్చి దూరింది. మన దేశంలో కొలిస్టిన్‌కు లొంగని క్లెబ్సియెల్లాలో తరచూ కనిపించేది ఇదే. బయటి నుంచి వచ్చిన జన్యువుల కోసం మాత్రమే వెతికితే ఇది దొరకదు, ఎందుకంటే ఇక్కడ కొత్తగా వచ్చిన జన్యువేదీ లేదు, ఉన్నది పాడైంది.

క్లెబొరేట్ ఎస్‌టీ నంబర్ (బ్యాక్టీరియా ఏ రకమో చెప్పే నంబర్) కూడా ఇస్తుంది. రెండు బెడ్లవీ ఎస్‌టీ 231 అని వచ్చింది. ఆ రకం మన దగ్గర మామూలే కాబట్టి అంతమాత్రాన ఒకరి నుంచి ఒకరికి అంటుకుందని చెప్పలేం, రెండు జీనోమ్‌ల మధ్య ఎస్‌ఎన్‌పీ తేడాలు (ఒక్కో అక్షరం తేడాలు) లెక్కపెట్టాలి. అందుకే క్లెబ్సియెల్లా అయితే ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్, క్లెబొరేట్ రెండూ నడపండి. వేరే బ్యాక్టీరియా అయితే మొదటిదొక్కటి చాలు. కంప్యూటర్ మనిషి లేని చోట రెస్‌ఫైండర్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. ఏది వాడినా మందు మార్చేది మాత్రం ప్లేటు మీది ఎంఐసీ చూసే, ఎందుకంటే జన్యువు ఉన్నంత మాత్రాన అది ఎంత పనిచేస్తోందో ఫైల్ చెప్పదు.

డేటాబేస్‌లు మారుతూనే ఉంటాయి. పోయిన ఏడాది ఫైల్‌ను ఇప్పుడు మళ్లీ నడిపితే ఒక జన్యువు పేరు మారి వచ్చింది. అప్పటి నుంచి మా రిజిస్టర్‌లో ఐసొలేట్ (శాంపిల్ నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) నంబర్ పక్కన రెండు కొత్త గళ్లు గీశాం, ఒకటి సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు, ఇంకొకటి డేటాబేస్ తేదీకి.