రాగి తూటాలతో ఆరేళ్ళు

ముందే చెప్పేస్తాను, ఇది ఇండియాలో పనికొచ్చే సమీక్ష కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట నేరం. నేను వేటాడేది అరిజోనాలో, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుతో, లాటరీలో ట్యాగ్ (ఒక జంతువును కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీ) తగిలిన ఏడాది మాత్రమే. రాస్తున్నది మాత్రం సిరొంచలో మా ఇంటి అరుగు మీద కూర్చుని. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే ఊరు మాది. గోదావరి దాటితే అవతల కాళేశ్వరం.

సెలవుకు వచ్చిన ప్రతిసారీ మా పెద్దబాపు ఒకటే అడుగుతాడు. "అక్కడ జింకను కొడితే జైల్ల ఎయ్యరా బిడ్డా?" ఈసారి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాను. నాలుగు రేకులుగా విచ్చుకున్న రాగి బుల్లెట్, మోదుగుపువ్వు రంగులో మెరుస్తూ. అసలుదే తెచ్చి చూపించేవాణ్ణి కానీ ఆ ధైర్యం లేదు. ఎయిర్‌పోర్టులో ఖాళీ తొడుగు దొరికినా తంటానే. ఆయన ఫోటోను పెద్దది చేసి చూసి, "సీసం కాదా ఇది?" అన్నాడు. కాదని చెప్పడానికి గంట పట్టింది. ఆ గంటలో చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలో ఉండి ఈ మధ్యే వేట మొదలుపెట్టిన మనవాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి.

నా రైఫిల్ టిక్కా టీ3ఎక్స్, 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటాది, 22 అంగుళాల గొట్టం, లోపల బుల్లెట్‌ను తిప్పే గాడుల మెలిక 8 అంగుళాలకు ఒక చుట్టు. ఈ చివరి అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం. తూటాలు చేత్తో నింపుకునే ఓపిక, చోటు నాకు లేవు. అపార్ట్‌మెంట్ బతుకు. కొట్టులో దొరికే ఫ్యాక్టరీ తూటాలే కొంటాను. మొదట హార్నడీ వాళ్ళ 143 గ్రెయిన్ల (బుల్లెట్ బరువును ఈ కొలతలోనే చెప్తారు) ఈఎల్‌డీ-ఎక్స్, అంటే సీసం బుల్లెట్, వాడాను. దాని గురించి ఒక్క చెడ్డమాట లేదు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, నా రైఫిల్‌లో వంద గజాల దగ్గర మూడు తూటాలు ముప్పావు అంగుళంలో పడేవి.

మరి మార్చడం ఎందుకంటే రాబందుల వల్ల.

నా చిన్నప్పుడు ప్రాణహిత ఇసుకలో ఎద్దు చచ్చి పడితే మధ్యాహ్నానికల్లా యాభై రాబందులు దిగేవి. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. నేను ఇంజనీరింగ్ చదువుకు పోయి వచ్చేసరికి ఒక్కటీ లేదు. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు ఉన్న కళేబరాన్ని తిని, కిడ్నీలు చెడి చచ్చిపోయాయని తర్వాత తెలిసింది. తెల్లవీపు రాబందులు దేశంలో 99 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువుల వైద్యంలో ఆ మందును నిషేధించారు. మా గడ్చిరోలి జిల్లాలో అటవీశాఖ వాటికోసం మందు తగలని కళేబరాలను ఒకచోట వేసి పెడుతోంది. జనం దాన్ని రాబందుల హోటల్ అంటారు.

అరిజోనా ఉత్తరాన కైబాబ్ పీఠభూమిలో వేటకు మొదటిసారి ట్యాగ్ తగిలినప్పుడు, ట్యాగ్‌తో పాటు రాష్ట్ర వేట శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ కాండోర్‌లు ఉన్నాయి, దయచేసి సీసం వాడకండి, ఒకవేళ వాడితే పేగులు, తుక్కు కొండమీదే వదలకుండా మోసుకురండి అని. సీసం లేని తూటాలను 2005 నుంచి ఉచితంగా ఇస్తున్నారట. కాండోర్ అంటే అక్కడి రాబందు, రెక్కలు చాపితే తొమ్మిది అడుగుల పైన. 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద 22 మిగిలాయి. ఉన్నవాటన్నిటినీ పట్టుకుని పెంచి, 1996 చివర అరిజోనాలో మళ్ళీ వదిలారు. ఇప్పుడు వాటిని చంపేవాటిలో మొదటిది సీసమే. సీసం బుల్లెట్ జింకకు తగిలి ఇసుక రేణువుల్లా చిట్లుతుంది. ఎక్స్‌రే తీస్తే గాయం చుట్టూ అరచేతి వెడల్పున తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. మనం వదిలేసిన పేగుల్లోంచి ఆ చుక్కలు పిట్ట కడుపులోకి పోతాయి. దాని జీర్ణరసం ఎముకనే కరిగిస్తుంది, సీసం ఒక లెక్కా.

ఉత్తరం చదువుతుంటే నాకు ప్రాణహిత ఇసుకే కనిపించింది. కాలిఫోర్నియాలో అయితే 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం నిషేధం. అరిజోనాలో బలవంతం లేదు. నా అంతట నేనే మారాను, 2018లో.

మారడం అనుకున్నంత తేలిక కాలేదు. నాలుగు రకాల పెట్టెలు కొన్నాను. రెండు నా రైఫిల్‌కు పడలేదు. వంద గజాల దగ్గరే రెండు అంగుళాలకు చెదిరాయి. ఇది ఆ కంపెనీల తప్పని అనలేను. రాగి బుల్లెట్ విషయంలో రైఫిళ్ళకు పట్టింపు ఎక్కువ. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9. అదే బరువు రాగిలో కావాలంటే బుల్లెట్ పొడవు పెరగాలి. పొడవైన బుల్లెట్ గాల్లో తూలకుండా పోవాలంటే గాడుల మెలిక బిగువుగా, అంటే తక్కువ అంగుళాలకే ఒక చుట్టు ఉండాలి. నా గొట్టానికి 8 మెలిక ఉంది కాబట్టి సరిపోయింది. పాత .270 (ఇంకో రకం తూటా) రైఫిల్ 10 అంగుళాలకు ఒక చుట్టు మెలికతో ఉంటే బరువైన రాగి జోలికి పోవద్దు. మీ పాత సీసం బుల్లెట్ బరువు కంటే ఒక మెట్టు తక్కువది తీసుకోండి. రాగి చిట్లదు కాబట్టి బరువు తక్కువైనా లోపలికి దిగుతుంది.

నిలిచినవి రెండు. బార్న్స్ వాళ్ళ వోర్-టీఎక్స్ లాంగ్ రేంజ్, 127 గ్రెయిన్ల ఎల్‌ఆర్‌ఎక్స్ బుల్లెట్‌ది. ఇంకోటి హార్నడీ అవుట్‌ఫిట్టర్, 120 గ్రెయిన్ల సీఎక్స్. ఇది 2022లో పాత జీఎంఎక్స్ స్థానంలో వచ్చింది. రెండూ నా చేతిలో వంద గజాలకు ఒక అంగుళం అటూ ఇటూ. దూరం అనుకుంటే బార్న్స్, అడవిలో రెండు వందల గజాల లోపు అయితే ఏదైనా ఒకటే. ఐదేళ్ళుగా నా సంచిలో ఉన్నది ఎక్కువగా 127 గ్రెయిన్లదే.

ఇప్పుడు అసలు సంగతి. పెట్టె మీద రాసిన అంకెలు చూసి దూరం నిర్ణయించుకోవద్దు. అందరూ బాలిస్టిక్ కోఎఫిషియంట్, అంటే గాలిని చీల్చుకుపోయే గుణం, ఎంతో చూసి మురిసిపోతారు. రాగికి అది ఎలాగూ తక్కువే. 143 గ్రెయిన్ల సీసానికి .625 అని రాస్తే, 127 గ్రెయిన్ల రాగికి .468 అని ఉంటుంది. గంటకు 10 మైళ్ళ అడ్డగాలిలో 400 గజాల దగ్గర సీసం 10 అంగుళాలు పక్కకు పోతే రాగి 13 పోతుంది. ఆ మూడు అంగుళాలకు భయపడక్కర్లేదు. గాలిని సరిగ్గా చదవకపోతే రెండూ తప్పుతాయి.

భయపడాల్సింది జంతువును చేరేసరికి బుల్లెట్‌కు ఎంత వేగం మిగిలిందన్న దానికి. సీసం మెత్తన, నెమ్మదిగా తగిలినా చితుకుతుంది. రాగి గట్టిది. దాని మూతిలో చిన్న గుంట ఉంటుంది. తగిలినప్పుడు ఒత్తిడికి ఆ గుంట విచ్చుకుని రేకులు తెరుచుకుంటాయి. వేగం చాలకపోతే తెరుచుకోదు, దబ్బనంలా అటునుంచి ఇటు దూసుకుపోతుంది. ఏ వేగం దగ్గర విచ్చుకోవడం ఆగుతుందో ఒక్కో బుల్లెట్‌కు ఒక్కోలా ఉంటుంది. కంపెనీ ఎంత చెప్పినా నా గీత సెకనుకు 2000 అడుగులు. అంతకంటే తక్కువైతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టను.

ఈ గీత పుస్తకం చదివి గీసుకున్నది కాదు. రెండో ఏడాది డిసెంబర్‌లో, అరిజోనా దక్షిణాన ఒక లోయలో, కూస్ జింక మీద కాల్చాను. మన కొండగొర్రె కంటే పెద్దది, బూడిద రంగు, కూర్చుంటే రాయో జింకో తెలియదు. దూరం 460 గజాలు. తూటా నేను కొన్న ఆ నాలుగు రకాల్లో ఒకటి (పేరు చెప్పను, తప్పు నాదే). గుండెల వెనుక సరిగ్గా తగిలింది, స్కోప్‌లో చూశాను. జింక ఒళ్ళు ఒకసారి ముడుచుకుని, నడుచుకుంటూ పొదల్లోకి పోయింది. పడలేదు. చీకటి పడేదాకా వెతికాను. రక్తం అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క. రాత్రి టెంట్‌లో నిద్ర లేదు. తెల్లారి 300 గజాల అవతల వాగులో దొరికింది. లోపలికి పోయిన రంధ్రం, బయటికి వచ్చిన రంధ్రం ఒకే సైజు, పెన్సిల్ పట్టేంత. ఇంటికి వచ్చి లెక్క వేస్తే అక్కడికి చేరేసరికి వేగం 1900 కూడా లేదు. ఆ తూటా పెట్టెలో మిగిలిన పదమూడు కాల్పుల ప్రాక్టీసు రేంజ్‌లో కాల్చేశాను.

అందుకే బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒకటి కొనండి, లేదా రేంజ్‌లో ఎవరినైనా అడిగి తీసుకోండి. పెట్టె మీద వేగం 24 అంగుళాల గొట్టానికి రాస్తారు. నా 22 అంగుళాల గొట్టంలో బార్న్స్ 127 సగటున 2740 వచ్చింది. ఆ అంకె తూటా లెక్కలు వేసే యాప్‌లో పెడితే సముద్రమట్టంలో 2000 గీత 400 గజాల దగ్గర పడుతుంది. కైబాబ్ ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉంటుంది. గాలి పలచన, అక్కడ అదే గీత 500 దాటుతుంది. అంటే ఒకే తూటాకు చోటు మారితే వంద గజాల తేడా. మా సిరొంచ మైదానంలో లెక్క వేరు, కైబాబ్ లెక్క వేరు. నేను మాత్రం ఎక్కడైనా 350తో ఆపేస్తున్నాను. నా చేతుల సత్తా అంతే.

రాగితో ఎక్కడ కొట్టాలన్నది కూడా కొంచెం మార్చుకోవాలి. సీసంతో ఊపిరితిత్తుల మధ్య కొడితే చాలాసార్లు దగ్గర్లోనే కూలుతుంది. రాగి చిట్లదు కాబట్టి అదే చోట తగిలితే యాభై, ఎనభై గజాలు పరుగెడుతుంది. కొంచెం ముందుకు, భుజం ఎముక మీదుగా పోనిస్తే వెంటనే పడుతుంది. ఆరేళ్ళలో నాలుగు జింకలు, ఒక ఆడ ఎల్క్ (పెద్ద జాతి జింక) కొట్టాను. ఆ కూస్ జింక ఒక్కటి తప్ప మిగతావి తగిలాక వంద గజాలు దాటి పోలేదు. ఎల్క్ 280 గజాల దగ్గర, రెండు భుజాలు విరిగి, బుల్లెట్ అవతలి తోలు కింద ఆగింది. పెద్దబాపు చూసిన ఫోటో దానిదే. తూకం వేస్తే 127లో 124 గ్రెయిన్లు ఉంది.

మాంసం సంగతి ఇంట్లోవాళ్ళకు ఎక్కువ ముఖ్యం. సీసం రోజుల్లో భుజం దగ్గర రెండు కిలోలు కోసి పారేసేవాణ్ణి, నలుపెక్కి ఉండేది. ఇప్పుడు రంధ్రం పక్కదాకా తినొచ్చు. 2008లో నార్త్ డకోటాలో వేటగాళ్ళు పేదలకు దానం చేసిన జింక మాంసంలో సీసం ముక్కలు బయటపడి, ఆ ప్యాకెట్లు పారేయమన్నారు. ఇంట్లో చిన్నపిల్ల ఉన్నప్పుడు అది చదివాక ఇక ఖీమా పట్టించడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు ఎల్క్ ఖీమాలో మా ఆవిడ మెంతికూర వేసి వండుతుంది. పాప రెండోసారి అడిగి వేయించుకుంటుంది.

ఇక చిరాకులు. ధర మొదటిది. 20 తూటాల పెట్టె ఇప్పుడు 50 డాలర్ల పైనే. ప్రాక్టీసుకు సీసం, వేటకు రాగి అని నేనూ మొదట్లో చేశాను. రెండూ ఒకచోట పడవు. నా రైఫిల్‌లో రాగి రెండు అంగుళాలు కిందికి తగులుతుంది. స్కోప్ ప్రతిసారీ తిప్పాలి, ఒకసారి తిప్పడం మర్చిపోయాను కూడా. ఇప్పుడు సీజన్‌కు నెల ముందు నుంచి రాగి మాత్రమే.

రెండోది గొట్టం మురికి. ముప్పై, నలభై తూటాల తర్వాత గాడుల్లో రాగి పేరుకుని గురి పాడవుతుంది. రాగి కరిగించే ద్రావకంతో తుడిస్తే గుడ్డ నీలంగా వస్తుంది. నీలం పోయేదాకా తుడవాలి. సీసంతో ఏడాదికి ఒకసారి చేసే పని ఇది. అయితే తుడిచిన వెంటనే మొదటి రెండు తూటాలు ఎక్కడో పడతాయి. వేటకు ముందు నాలుగు కాల్చి గొట్టాన్ని దారికి తెచ్చుకోవాలి.

మూడోది దొరకకపోవడం. 2020, 2021లో కొట్లు ఖాళీ. రాగి అసలే తక్కువ తయారవుతుంది. అప్పటినుంచి దొరికినప్పుడు ఒకే లాట్ నంబర్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి, ఐదు పెట్టెలు కొంటున్నాను. లాట్ మారితే గురి మళ్ళీ చూసుకోవాల్సిందే. ఒకసారి కొత్త లాట్ సెకనుకు 40 అడుగులు నెమ్మదిగా పోయింది.

పెద్దబాపుకు ఇవేవీ పట్టలేదు. అంతా విని, "అయితే మీ దగ్గర రాబందులు తిరిగి వచ్చినయా?" అన్నాడు. కైబాబ్‌లో మూడు చూశానని చెప్పాను, రెక్కల మీద నంబర్ బిళ్ళలతో. ఆయన నవ్వాడు. "మనకాడ నంబర్ లేకుంటనే వస్తుండెగా."

ఈ ఏడాది నవంబర్‌కు ట్యాగ్ తగిలింది. ఇంట్లో అదే లాట్‌వి రెండు పెట్టెలు, విడిగా ఇంకో ఏడు తూటాలు ఉన్నాయి. వెళ్ళగానే గొట్టం తుడవాలి.