ఆరేళ్లు వాడాక: సీటాబ్ పద్ధతి, డీజెనరేట్ ప్రైమర్లు

మొక్కల డీఎన్ఏలోంచి ఎంజైమ్ జన్యువుల ముక్కలు తీయడానికి ఆరేళ్లుగా నాది ఒకటే దారి. డీఎన్ఏకి సీటాబ్ (కణాల పొరలు కరిగించే సబ్బులాంటి రసాయనం) పద్ధతి, ముక్కకి డీజెనరేట్ ప్రైమర్లతో (జన్యువు వరుస కచ్చితంగా తెలియనప్పుడు వాడే, కొద్ది తేడాలున్న చిన్న డీఎన్ఏ పోగుల మిశ్రమంతో) పీసీఆర్, అంటే ఆ ముక్కకి లక్షల కాపీలు తీయడం. మధ్యలో రెండుసార్లు డీఎన్ఏ తీసే రెడీమేడ్ కిట్లకి మారాను. జిగురు ఎక్కువున్న ఆకులకి వాటి కాలమ్‌లు (వడపోత గొట్టాలు) మూసుకుపోయి మళ్లీ దీని దగ్గరికే వచ్చాను.

బఫర్ తయారీ తేలికే: 2 శాతం సీటాబ్, 1.4 మోలార్ ఉప్పు, ట్రిస్, ఈడీటీఏ. 65 డిగ్రీలకి వేడి చేసి వాడాలి. కంపు కొట్టే బీటా మెర్కాప్టోఇథనాల్ మాత్రం ఆఖర్న కలపాలి. ఫ్యూమ్ హుడ్ (ఆవిరి బయటికి లాగే పెట్టె) బయట దాని మూత తీస్తే గదిలో అందరి తిట్లూ మనకే.

ఆకు లేతదై ఉండాలి. ఒకసారి బద్ధకించి ముదురాకులు రుబ్బాను. ఐసోప్రొపనాల్ పోయగానే తెల్లటి పోగులు తేలాల్సిన చోట గోధుమరంగు ముద్ద దిగింది, పిపెట్‌తో లాగితే తీగలా సాగింది. 260/280 నిష్పత్తి (ప్రొటీన్ కలిసిందో లేదో చెప్పే కాంతి కొలత) 1.8 ఉందని మురిసిపోయాను కానీ 260/230 (జిగురు లాంటి మలినాలు పట్టిచ్చేది) చూడలేదు. మూడు వారాలు పీసీఆర్ చేసినా జెల్ (డీఎన్ఏ ముక్కల్ని సైజు వారీగా విడదీసే పలక) ఖాళీ. చివరికి అదే డీఎన్ఏని పది రెట్లు పలచన చేస్తే మలినాలూ పలచబడి బ్యాండ్ (జెల్ మీద గీత) వచ్చింది! అప్పట్నుంచి గోధుమరంగు తెచ్చే పదార్థాల్ని పట్టేసే పీవీపీ కలపకుండా మొదలుపెట్టను.

అసలు తలనొప్పి ప్రైమర్లతోనే. వేర్వేరు మొక్కల్లో అదే ఎంజైమ్ ప్రొటీన్ వరుసలు పక్కపక్కన పేర్చి, మారని చోట్లు వెతకాలి. అక్కడ మెథియోనిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు కనిపిస్తే పండగే, వాటికి ఒక్కో కోడానే (అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల డీఎన్ఏ కోడ్). లూసిన్, సెరిన్, ఆర్జినిన్‌లకి ఆరేసి. ఒక్క లూసిన్ చేరినా ప్రైమర్ రకాలు కనీసం ఆరు రెట్లు అవుతాయి. ముఖ్యంగా కాపీ మొదలయ్యే 3' కొసన వాటిని రానివ్వను.

ఇంకో దెబ్బ ఇంట్రాన్లది (జన్యువు మధ్యలో ఉండి ప్రొటీన్‌లోకి రాని భాగాలు). 600 బేస్‌ల ముక్క వస్తుందనుకుంటే జెల్ మీద 900 దగ్గర గీత పడింది. తప్పు బ్యాండ్ అనుకుని పారేశాను. నెల తర్వాత మళ్లీ అదే వస్తే సీక్వెన్సింగ్‌కి పంపాను. కావాల్సిన జన్యువే, మధ్యలో ఇంట్రాన్ కూర్చుంది.

జన్యు కుటుంబం పెద్దదైతే బ్యాండ్ ఒక్కటే అయినా లోపల రెండు మూడు రకాలుంటాయి. నేరుగా సీక్వెన్సింగ్‌కి పంపితే గ్రాఫ్‌లో శిఖరాల మీద శిఖరాలు. ముక్కల్ని బ్యాక్టీరియాలో క్లోన్ చేసి కనీసం పది కాలనీలు చూడాల్సిందే, ఓపిక లేనివాళ్లకి ఇక్కడే విసుగు పుడుతుంది.

మీ మొక్క జీనోమ్ ఇప్పటికే డేటాబేస్‌లో ఉంటే డీజెనరేట్ ప్రైమర్ల జోలికి వెళ్లొద్దు, సూటిగా సరిపోయేవే రాయించుకోండి. సీటాబ్ బఫర్ మాత్రం ఎలాగూ కలుపుకోవాలి.