గుంటూరు కొత్తపేటలో జర్నల్ పేపర్ ఫార్మాటింగ్ చేయించుకున్నాక

రేటింగ్ 5కి 4. పోయిన ఆ ఒక్కటి ఎందుకు పోయిందో మధ్యలో చెప్తాను.

కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఒక సందు. మందుల షాపు పక్కన ఇరుకు మెట్లెక్కితే ఈ డీటీపీ సెంటర్. బోర్డు మీద సగం అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. ఇక్కడ పీజీ చేసినవాళ్ళకి బోర్డుతో పనిలేదు, "మాస్టారి షాపు" అంటే చాలు. థీసిస్ సీజన్లో మెట్ల మీద కూర్చుని ప్రూఫులు దిద్దుకునేవాళ్ళని దాటుకుని పైకెక్కాలి. రెక్సిన్ బైండింగు, బంగారు రంగు అక్షరాలు, విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి వెళ్ళే కాపీలు, ఇవన్నీ ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. నేను మాత్రం జర్నల్‌కి పంపే పేపర్ పట్టుకుని వెళ్ళాను. రెండూ ఒకటే అనుకున్నాను.

"థీసిస్‌కి లావు కావాలి మేడమ్, జర్నల్‌కి నాజూకు కావాలి" అన్నారాయన, నా అరవై పేజీల కట్ట చూసి.

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ని. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతుల మంట మీద ఒక చిన్న స్టడీ చేశాను. ఫిబ్రవరి, మార్చిలో యార్డు గేటు దాటితే చాలు, మనకి దగ్గు మొదలవుతుంది. వాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ కాయల్లోనే చేతులు పెట్టి కూర్చుంటారు. రాత్రి ఆ చేతులు నిద్రపోనివ్వవు. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు కాబట్టి ఎంత కడిగినా లాభం లేదు. ముందు కొబ్బరి నూనె రాసి తుడుచుకోవాలని వాళ్ళకి మనం చెప్పక్కర్లేదు, వాళ్ళే మనకి చెప్తారు.

నేను ఎంచుకున్నది ఒక వైద్య సంఘం నడిపే జర్నల్. ఫీజు లేదు. రచయితలకి వాళ్ళిచ్చిన సూచనలు ప్రింటు తీస్తే పద్నాలుగు పేజీలొచ్చాయి. మాస్టారు వాటిని ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ మొత్తం చదివారు. నిజం చెప్పాలంటే అప్పటికి నేను మూడు పేజీలు కూడా చదవలేదు.

ముందు ఆయన బాగా చేసిన పని చెప్తాను. అబ్‌స్ట్రాక్ట్‌ని 250 మాటలకి దించాను, దాన్ని నేపథ్యం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు అని నాలుగు ముక్కలుగా సర్దిపెట్టారు. టేబుళ్ళలో నిలువు గీతలు తీసేశారు. రిఫరెన్సులు వాంకూవర్ పద్ధతిలోకి మార్చారు: పేపర్లో వచ్చిన వరసలోనే నంబర్లు, ఆరుగురు రచయితల దాకా పేర్లు, ఏడో మనిషి ఉంటే "ఎట్ ఆల్". 1978లో కొంతమంది మెడికల్ జర్నళ్ళ ఎడిటర్లు కెనడాలోని వాంకూవర్లో కూర్చుని, పేపర్లన్నీ ఒకే రూపంలో పంపించండని ఒప్పుకున్నారు, ఆ పేరు అలా వచ్చింది. ఆ గుంపే తర్వాత ఐసీఎంజేఈ, అంటే మెడికల్ జర్నళ్ళ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ అయింది. ఆ ఐదక్షరాలు మళ్ళీ వస్తాయి, నాకు నిద్ర లేకుండా చేసింది అవే.

ఒక లోపం ఉంది. రిఫరెన్సు నంబర్లు ఆయన చేత్తో టైప్ చేస్తారు. నేను ఏడో రిఫరెన్సు తీసేయమనగానే వెనకున్నవన్నీ ఒక్కో మెట్టు దిగాలి. ఆరోజు ఆయన భోజనానికి కూడా లేవలేదు. నాకే సిగ్గేసి, ఇంటికెళ్ళి రిఫరెన్సు నంబర్లు తనే సర్దుకునే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఉచితం, రెండు గంటల పని. మీరు మాత్రం అది నేర్చుకునే వెళ్ళండి.

ఇక ఆ పోయిన స్టార్. సిమిలారిటీ రిపోర్టు, అంటే మన రాత వేరేవాళ్ళ రాతలతో ఎంత కలుస్తుందో చెప్పే లెక్క, 31 శాతం వచ్చింది. మాస్టారు ఊళ్ళో లేరు, కౌంటర్లో ఉన్న కుర్రాడు "తగ్గించేస్తా మేడమ్, అరగంట" అన్నాడు. ఏదో సాఫ్ట్‌వేర్లో వేసి, నిజంగానే అరగంటలో ఎనిమిది శాతానికి దించి ఇచ్చాడు. ఇంటికెళ్ళి చదువుకుంటే గుండె జారింది. "డామినెంట్ హ్యాండ్" అని నేను రాసినచోటల్లా "రూలింగ్ హ్యాండ్" అయింది. "రైట్ హ్యాండ్" కాస్తా "కరెక్ట్ హ్యాండ్". యార్డులో ఆడవాళ్ళకి పాలించే చేయి ఒకటి, ఒప్పు చేయి ఒకటి! నవ్వుకోండి గానీ, "బ్రెస్ట్ క్యాన్సర్" ఈ రకం యంత్రాల్లో నలిగి "బోసమ్ పెరిల్" అయిపోయిన పేపర్లు అచ్చులో ఉన్నాయి. అలాంటి వింత మాటల్ని పట్టుకునే వెతుకుతూ, దొంగ పేపర్లని బయటపెడుతున్న శాస్త్రవేత్తలూ ఉన్నారు. పాత కాపీకి వెళ్ళి, మెథడ్స్‌లో ఎత్తిరాసిన వాక్యాలన్నీ నేనే కూర్చుని తిరగరాశాను. రెండు రాత్రులు పట్టింది. శాతం ఎంత అన్నదానికంటే, ఆ కలిసిన వాక్యాలు ఎవరివి, ఎక్కడివి అన్నదే ఎడిటర్ చూస్తారు. మాస్టారు తిరిగొచ్చాక ఆ కుర్రాడికి బాగానే పడ్డాయి. నాకు డబ్బులు వెనక్కిచ్చారు, నేనే వద్దన్నాను.

పేపర్ పంపాను. రెండో రోజే తిరిగొచ్చింది.

జర్నల్ వాళ్ళది డబుల్ బ్లైండ్ పద్ధతి, అంటే పేపర్‌ని పరీక్షించే రివ్యూయర్లకి రాసిందెవరో, రాసినవాళ్ళకి రివ్యూయర్లెవరో తెలియకూడదు. టైటిల్ పేజీ విడి ఫైల్‌గానే పెట్టాం. కానీ మెథడ్స్‌లో "మా కాలేజీ ఎథిక్స్ కమిటీ" అని పేరుతో సహా ఉంది. చివర హెచ్‌ఓడీ గారికి కృతజ్ఞతలు కూడా అందులోనే ఉన్నాయి. అరగంటలో సరిచేసి మళ్ళీ పంపాం. ఇది మాత్రం మాస్టారు చూసి ఉండాల్సింది, ఆయనే ఒప్పుకున్నారు.

రెండోసారి ఫోటో దగ్గర ఆగింది. ఒకామె ఎర్రబడ్డ చేతులు ముందుకి చాపి కూర్చుని ఉంది, మొహం కూడా కనిపిస్తుంది. మాస్టారు కళ్ళ మీద నల్ల పట్టీ వేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు. మనం చిన్నప్పటినుంచీ పుస్తకాల్లో చూసింది అదే కదా. అది చాలదని జర్నల్ రాసింది. కళ్ళు మూసినంత మాత్రాన మనిషి గుర్తు దాగదు, ఐసీఎంజేఈ ఆ మాట సూటిగానే చెప్పింది. మొహం ఉండాలంటే ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. స్టడీలో చేరడానికి తీసుకున్న సంతకం దీనికి పనికిరాదు, అచ్చు వేయడానికి విడిగా తీసుకోవాలి.

తెలుగులో ఫారం టైప్ చేయించుకుని యార్డుకి వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాలు తినే వేళ. ఆవిడ ఫారం చేతిలోకి తీసుకోలేదు, చేతికి కారం ఉందని.

"ఏ పేపర్లో వేస్తారమ్మా, ఈనాడులోనా?"

"కాదమ్మా, డాక్టర్లు చదువుకునే పేపరు. ఇంటర్నెట్లో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు."

"ఎవరైనానా?" అని కాసేపు ఆలోచించింది. "చేతులేసుకోమ్మా. మొహం వద్దు, మా అల్లుడికి ఫోనుంది."

చేతులకైతే వేలిముద్ర వేసింది, పక్కనున్నామె సాక్షి సంతకం పెట్టింది. సరేనని షాపుకి వచ్చి ఫోటోలో చేతుల వరకే కత్తిరించమన్నాను. మాస్టారు స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు: ఎడమ మణికట్టు లోపలివైపు పచ్చబొట్టు, నాలుగక్షరాల పేరు, ఆమె భర్తదో కొడుకుదో. అది నా కంటికి ఆనలేదు. పట్టీ వేసి ఊరుకోకుండా, మణికట్టు కూడా కనిపించకుండా కత్తిరించారు. ఫోటో విషయంలో ఆయనకి పూర్తి మార్కులు.

ఇప్పుడు అసలు సంగతి, పేర్లు.

ఆథర్ అనిపించుకోవాలంటే ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది. స్టడీ ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. పేపర్ రాయడంలోనో, దిద్దడంలోనో పాలు ఉండాలి. అచ్చయ్యే ప్రతికి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా తప్పు పట్టుకుంటే జవాబు చెప్పడానికి నిలబడాలి. నాలుగోది 2013లో చేర్చారు. నాలుగింటిలో ఒకటుంటే చాలదు, నాలుగూ ఉండాలి. డిపార్ట్‌మెంట్ పెద్ద కావడం, ఎక్విప్‌మెంట్ ఇప్పించడం, ఫండ్ తేవడం, వీటికి కృతజ్ఞతలే తప్ప ఆథర్‌షిప్ లేదు.

మన దగ్గర ఎలా ఉంటుందో మీకు తెలుసు. పేపర్ పంపాక ఒక పెద్దాయన పిలిచి, తనకి తెలిసిన ఒకబ్బాయి పేరు మూడోది పెట్టమన్నారు. ఆ అబ్బాయి మా యార్డు మొహం కూడా చూడలేదు. మూడోదే ఎందుకంటే, ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2022 నిబంధనల్లో ప్రమోషన్‌కి మొదటి ముగ్గురు రచయితలకో, జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరస్పాండింగ్ రచయితకో మాత్రమే పేపర్ లెక్కలోకి వస్తుందన్నారు. అప్పటినుంచి వాట్సాప్‌లో బేరాలు కూడా చూస్తున్నాం, రెండో పేరు ఇంత, మూడో పేరు ఇంత అని. సినిమా హాల్ ముందు బ్లాక్ టికెట్లు నయం, కనీసం సినిమా చూడనిస్తారు.

ఎదురు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. షాపుకొచ్చి మాస్టారికి చెప్పుకున్నాను. ఆయన ఎర్ర గీతల కట్ట తీసి పదకొండో పేజీ తిప్పారు. పేపర్ పంపాక రచయితని చేర్చాలన్నా తీయాలన్నా కారణం రాసి, అందరి సంతకాలూ పంపాలని అక్కడుంది. ఎవరేం చేశారో పక్కపక్కనే రాసే పట్టిక కూడా ఇవ్వాలి. ప్రతి రచయిత మెయిల్‌కీ జర్నల్ నుంచి విడిగా ఉత్తరం వెళ్తుంది.

"మార్జిన్లు నేను చూసుకుంటా మేడమ్. పేర్లు మాత్రం మీరే చూసుకోవాలి" అన్నారు. ఆ పేజీ జెరాక్స్ తీసిచ్చారు. రెండు రూపాయలు తీసుకున్నారు.

ఆ కాగితం తీసుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పెట్టాను. "జర్నల్ వాళ్ళు అడుగుతున్నారు సార్, ఈ పట్టికలో ఆ అబ్బాయి ఏం చేశాడని రాయమంటారు?" ఆయన రెండుసార్లు చదివారు. "వీళ్ళవన్నీ చాదస్తాలు" అని పక్కన పెట్టేశారు. ఆ పేరు రాలేదు. నేనుగా వద్దని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

అయితే అదే పట్టిక నన్నూ వదల్లేదు. డేటా సేకరణ గడిలో పేరు రాయాలి. రోజూ పొద్దున్నే యార్డుకెళ్ళి, ఆ ఆడవాళ్ళని పిన్నీ, అక్కా అని పలకరించి, ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు కూర్చున్నది మా సోషల్ వర్కర్. ప్రశ్నావళిలో సగం ప్రశ్నలు ఆయన చెప్పాక మార్చినవే. నేను ఆయన్ని కృతజ్ఞతల్లో ఒక ముక్కలో సరిపెట్టాను. ఇంగ్లీషులో రాయలేరు కదా, రెండో షరతు దాటలేరు కదా అనుకున్నాను. కానీ ఐసీఎంజేఈ ఆ పక్కనే ఇంకో మాట కూడా రాసింది: ఈ షరతుల్ని అడ్డం పెట్టి పనిచేసినవాళ్ళని తప్పించకూడదు, మొదటి షరతు దాటినవాళ్ళకి రాతలోనూ దిద్దుబాటులోనూ పాలుపంచుకునే అవకాశం ఇవ్వాలి. పెద్దాయనకి చూపించిన పేజీ నాకూ వర్తిస్తుందని తెలుసుకోవడానికి నాకు ఒక వారం పట్టింది.

ఆయన్ని కూర్చోబెట్టి పేపరంతా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. డిస్కషన్‌లో రెండు చోట్ల ఆపారు. "గ్లౌజులు వేసుకోరు" అని రాశారు మేడమ్, వేసుకుంటే తొడిమ గోటికి అందదు, కిలో లెక్కన కూలి కదా, అన్నారు. ఆ వాక్యం మారింది. ఆయన పేరు రెండోది అయింది. చేర్చడానికి అందరి సంతకాలూ, కారణం రాసిన ఉత్తరం నేనే పంపాల్సొచ్చింది, పెద్దాయనని వెనక్కి తగ్గించిన ఫారమే. మాస్టారు దానికీ మార్జిన్లు సరిచేసి ఇచ్చారు.

మిగతావి త్వరగా చెప్తాను. ఎథిక్స్ కమిటీ అనుమతి స్టడీకి ముందుదే కావాలి, తర్వాత తెచ్చుకుంటే కుదరదు. మాది పరిశీలన మాత్రమే కాబట్టి సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) గొడవ రాలేదు. మందిచ్చి చేసే ట్రయల్ అయితే మొదటి పేషెంటుని చేర్చుకోకముందే రిజిస్టర్ చేయాలి, 2018 ఏప్రిల్ నుంచి తర్వాత చేస్తానంటే సీటీఆర్‌ఐ తీసుకోదు. మాలాంటి స్టడీలకి స్ట్రోబ్ అని 22 అంశాల చెక్‌లిస్టు, పేజీ నంబర్లు వేసి జతచేయాలి. ఏఐ సాయం తీసుకుంటే ఎక్కడ తీసుకున్నారో చెప్పాలి, దాన్ని రచయితగా పెట్టకూడదు. ఒకే పేపర్ ఒకేసారి రెండు జర్నళ్ళకి పంపకూడదు, అక్కడ కాదన్నాకే ఇక్కడికి. "గౌరవనీయులైన ప్రఖ్యాత డాక్టర్ గారూ, వారంలో అచ్చు" అని దొంగ జర్నళ్ళ నుంచి వచ్చే మెయిళ్ళు చదవకుండా తీసేయండి.

పేపర్ ఇప్పుడు రివ్యూయర్ల దగ్గరుంది. శాంపిల్ సైజు ఎలా లెక్కేశారని ఒకరు అడిగారు, జవాబు రాస్తున్నాను.

షాపుకి వెళ్ళేవాళ్ళకి: మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి, ఓపీ అయిపోయి సందులో బండి పెట్టుకోడానికి చోటు దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ వద్దు, అక్కడి కంప్యూటర్లలో వైరస్ ఉంది, ఫైల్ మెయిల్ చేయండి. పేజీకి 15 రూపాయలు, టేబుల్ ఉంటే 25. మాస్టారు ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కుర్రాడు "తగ్గించేస్తా" అంటే మాత్రం లేచి వచ్చేయండి.